రీవో మఠం పైకప్పు ఏమైంది?

రాతిగోడ రాశారు:

అందరికీ నమస్కారం. మా అత్తమామలు ఇండియా నుంచి వచ్చారు. వాళ్ళని నార్త్ యార్క్‌షైర్‌లో హెల్మ్స్‌లీ దగ్గరున్న రీవో మఠానికి తీసుకెళ్ళాను. సిస్టెర్షియన్లనే క్రైస్తవ సన్యాసులు కట్టుకున్నది. చుట్టూ అడవి, పక్కన రై అనే చిన్న నది, మధ్యలో మూడంతస్తుల ఎత్తు గోడలు. కమానులు చెక్కుచెదరలేదు. పైన మాత్రం ఆకాశమే. అదే చర్చికి ముందు భాగంలో చూస్తే మొండిగోడలు తప్ప ఏమీ మిగల్లేదు.

నా డౌట్ ఒక్కటే. గోడలు ఇంత గట్టిగా ఉంటే కప్పు ఎలా పోయింది? ఎక్కడా మసి కనబడలేదు, ఫిరంగి దెబ్బలూ లేవు. మా మామగారికి ఇంకో అనుమానం. చర్చి అంటే బలిపీఠం తూర్పున ఉండాలి కదా, ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూస్తే ఇక్కడ దక్షిణం వైపు ఉంది. ఆయన వాస్తు మనిషి. ఆ దోషం వల్లే పాడైపోయిందని తేల్చేశారు. తెలిసినవాళ్ళు చెప్పండి, లేకపోతే ఆయన థియరీయే ఖాయమైపోతుంది.

యార్క్‌షైర్ బాబాయ్ రాశారు:

మామగారికి నమస్కారాలు చెప్పండి. కారణం వాస్తు కాదు, సీసం.

ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాక, 1536 నుంచి 1540 లోపు ఇంగ్లండ్, వేల్స్‌లలోని మఠాలన్నిటినీ మూయించాడు. దాదాపు 800 ఉంటాయి. రీవో వంతు 1538 డిసెంబరు 3న వచ్చింది. మఠాధిపతి రోలండ్ బ్లైటన్ మఠాన్ని రాజుకి అప్పజెప్పాడు. అప్పటికి అక్కడున్నది ఇరవై మందికి కాస్త అటూ ఇటూగా సన్యాసులు, 102 మంది పనివాళ్ళు. సన్యాసులకు పింఛను ఇచ్చి పంపేశారు. ఆస్తి రట్‌లండ్ ఎర్ల్ అనే బిరుదున్న ప్రభువు థామస్ మేనర్స్ చేతికి వెళ్ళింది. మెలిక ఎక్కడంటే, కప్పు మీది సీసమూ గంటలూ మాత్రం రాజుగారి వాటా.

ఆ రోజుల్లో పెద్ద చర్చిల కప్పు అంటే చెక్క దూలాల మీద పరిచిన సీసపు రేకులు. వాటిని ఊడదీసి, అక్కడికక్కడే కరిగించి, దిమ్మలుగా పోసి, పైన రాజముద్ర వేశారు. అలాంటి దిమ్మలు కొన్ని కూలిన రాళ్ళ కింద ఇరుక్కుపోయి, సుమారు 400 ఏళ్ళ తర్వాత తవ్వకాల్లో దొరికాయి. మఠం మ్యూజియంలో ఒకటి పెట్టారు, మీరు చూసే ఉంటారు, బూడిద రంగులో పడవలా ఉంటుంది.

డబ్బు ఒక్కటే కాదు లెండి. 1536లో ఉత్తరాది జనం మఠాల కోసం తిరగబడ్డారు, దాన్ని పిల్‌గ్రిమేజ్ ఆఫ్ గ్రేస్ అంటారు. కప్పు లేని మఠానికి సన్యాసుల్ని తిరిగి తీసుకురావడం ఎవరివల్లా కాదు. ఆ సంగతి లండన్‌లో వాళ్ళకి బాగా తెలుసు.

సివిల్ సుబ్బడు రాశారు:

బాబాయ్ చెప్పినదానికి నా వైపు నుంచి కొంచెం ఇంజనీరింగ్. ఆ గోడలు లోపలిదాకా చెక్కిన రాయి కాదు. రెండు పక్కలా నున్నగా చెక్కిన రాయి, నడుమ సున్నంలో కలిపి పోసిన రాళ్ళ ముక్కలు. కప్పు ఉన్నంతకాలం ఆ గోడకి ఢోకా లేదు. కప్పు తీశారంటే వాన నేరుగా నడుములోకి దిగుతుంది, చలికాలంలో గడ్డకడుతుంది, సున్నం పిండి అయిపోతుంది. దానికితోడు ఊళ్ళోవాళ్ళు బయటి చెక్కిన రాయిని పట్టుకుపోతారు. రీవో గ్రామంలో పాత ఇళ్ళ గోడలు చూడండి, పొలం మధ్య కాటేజీకి అంత అందంగా చెక్కిన రాయి ఎవరు కొని పెడతారు?

మరి ఇప్పుడు ఎలా నిలబడిందని అడగాలి. 1917లో ప్రభుత్వం దీన్ని తన కిందికి తీసుకునేసరికి పెద్ద గోడలు పడిపోయే స్థితిలో ఉన్నాయి. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్ని పనిలో పెట్టి, చిన్న పట్టాలు వేసి, ట్రాలీల్లో శిథిలాలు తోలించారు. గోడల తలల్లో కనబడకుండా రీన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ దూలాలు పోశారు. అంటే మీరు ఫొటో తీసుకున్న 13వ శతాబ్దపు గోడని నిలబెడుతున్నది 20వ శతాబ్దపు కాంక్రీటు.

దిక్కు సంగతి సింపుల్. లోయ చాలా ఇరుకు, తూర్పు పడమరగా అంత పొడుగు చర్చి పెట్టడానికి చోటు లేదు. వాలు ఎటుంటే అటు తిప్పారు. పక్కనున్న నది కూడా మొదట అక్కడ లేదు, సన్యాసులే పొరుగువాళ్ళతో ఒప్పందాలు చేసుకుని దారి మళ్ళించి, లోయకి అవతలి పక్కకి జరిపి, మెత్తటి పొలం సంపాదించారు.

చలిమిడి రాశారు:

నది జరపడం బాగుంది 😄 కానీ నాకు మొదటినుంచీ కావాలి. ఈ సన్యాసులు ఎవరు, అడవిలోకి ఎందుకొచ్చారు? నాకు చర్చి చరిత్ర అస్సలు తెలియదు. ఫాదర్లకీ వీళ్ళకీ తేడా ఏంటి?

పాత చింతకాయ రాశారు:

చలిమిడి గారూ, ఫాదర్ ఊళ్ళో జనం మధ్య ఉంటాడు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ చూస్తాడు. వీళ్ళు జనాన్ని వదిలేసి ఒకేచోట ఉండి ప్రార్థన చేసుకునేవాళ్ళు. పాత మఠాలు బాగా సుఖమరిగిపోయాయని, 1098లో ఫ్రాన్స్‌లోని సీటో అనే చోట కొంతమంది విడిపోయి కొత్త సన్యాసి సంఘం మొదలుపెట్టారు. వాళ్ళే సిస్టెర్షియన్లు. రంగు వెయ్యని ఉన్ని బట్ట, అందుకే తెల్ల సన్యాసులని పేరు. రోగం వస్తే తప్ప మాంసం లేదు. చలికాలంలో రోజుకి ఒకటే భోజనం. అర్ధరాత్రి దాటాక లేచి, చీకట్లో మెట్లు దిగి చర్చిలో ప్రార్థన. అంత చలిలో నిప్పు వేసుకునే గది ఒకటి. వంటింట్లో, రోగుల గదుల్లో తప్ప ఇంకెక్కడా మంట ఉండేది కాదు.

వీళ్ళలో పెద్ద పేరు బెర్నార్డ్, క్లేర్వో మఠాధిపతి. యూరప్‌లో రాజులు కూడా ఆయన మాట వినేవాళ్ళు. హెల్మ్స్‌లీ ప్రభువు వాల్టర్ ఎస్పెక్ భూమి ఇస్తే, 1132లో బెర్నార్డ్ తన దగ్గర రాతకోతలు చూసిన విలియం అనే ఆయన్ని మఠాధిపతిగా, వెంట 12 మందిని ఇచ్చి పంపాడు. ఇంగ్లండ్‌లో మొట్టమొదటి సిస్టెర్షియన్ మఠం వేవర్లీ, 1128ది. ఉత్తరాదికి మాత్రం రీవోయే మొదటిది. పదేళ్ళు తిరక్కముందే స్కాట్లండ్‌లో మెల్రోజ్‌తో సహా పిల్ల మఠాలు పెట్టేశారు.

నాకు బాగా నచ్చిన కథ గంటలది. 1143లో బైలండ్ అనే ఇంకో మఠంవాళ్ళు నదికి అవతల, మైలు దూరంలో దిగారు. ఇద్దరి గంటలూ ఇద్దరికీ వినబడేవి. పగలూ రాత్రీ గంట మోగితేనే బతుకు నడిచే చోట, పక్కవాడి గంట ఇంకో వేళకి మోగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నాలుగేళ్ళు భరించి 1147లో బైలండ్‌వాళ్ళే మకాం మార్చారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉన్నవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది.

డౌట్ రాజా రాశారు:

అన్నా, మ్యూజియం బోర్డు మీద ఒకప్పుడు 140 మంది సన్యాసులు, ఇంకో 500 మంది లే బ్రదర్స్, పనివాళ్ళు అని చదివిన. 640 మందికి ఆ అడవిలో తిండి ఎట్ల? ఒకటే పూట అన్నా గంజి గావాలె గదా.

యార్క్‌షైర్ బాబాయ్ రాశారు:

రాజా, ఆ లెక్క ఏల్‌రెడ్ మఠాధిపతిగా ఉన్న కాలంది, 1147 నుంచి 1167 వరకు. ఆయన శిష్యుడు వాల్టర్ డేనియల్ రాసిపెట్టాడు, పండగరోజుల్లో చర్చిలో జనం తేనెపట్టులో ఈగల్లా కిక్కిరిసేవారట. గురువుగారి గొప్పకోసం కాస్త పెంచాడేమో అన్న అనుమానం నాకుంది గానీ, కట్టడం సైజు చూస్తే మరీ అబద్ధం కాదనిపిస్తుంది.

తిండి పెట్టింది లే బ్రదర్స్. చదువు రాని రైతు బిడ్డలు ఎక్కువమంది. గడ్డాలు పెంచుకునేవాళ్ళు, వేరే గదుల్లో పడుకునేవాళ్ళు, ప్రార్థనలు తక్కువ, పని ఎక్కువ. కౌలుకి ఇవ్వకుండా సొంత చేతులతో సేద్యం చెయ్యాలన్నది సిస్టెర్షియన్ల నియమం. ఆ నియమం నడిచింది వీళ్ళ చేతుల మీదే. దూరాన పొలాల దగ్గర కొట్టాలు వేసుకుని అక్కడే ఉండేవాళ్ళు.

అసలు డబ్బు మాత్రం గొర్రెలది. యార్క్‌షైర్ కొండలు పంటకి పనికిరావు, మేతకి బంగారం. ఫ్లోరెన్స్‌లోని బార్డీ కంపెనీ మనిషి పెగొలొత్తి 14వ శతాబ్దంలో వ్యాపారులకోసం రాసుకున్న చేతిపుస్తకంలో ఏ ఇంగ్లీషు మఠం ఏడాదికి ఎన్ని గోతాల ఉన్ని అమ్ముతుందో వరసగా ఉంటుంది. ఫౌంటెన్స్ మఠానికి 76, రీవోకి 60. గోతాం అంటే 364 పౌన్లు, మన లెక్కలో 165 కిలోలు. ఒక్కో గోతానికి 200 గొర్రెలకి తక్కువ కాకుండా కత్తిరించాలి. అంటే రీవో గోతాల వెనక కనీసం 12 వేల గొర్రెలున్నాయి. కొంత ఉన్ని చుట్టుపక్కల రైతుల దగ్గర కొని కలిపి అమ్మేవాళ్ళు లెండి.

కష్టాలు మొదలైంది కూడా అక్కడే. రాబోయే ఏళ్ళ ఉన్నిని ఇటలీ వ్యాపారులకి ముందే అమ్మేసి అడ్వాన్స్ తీసుకునేవాళ్ళు. ఆ డబ్బుతో కట్టడాలు. 13వ శతాబ్దం చివర్లో గొర్రెలకి గజ్జి తగిలింది, మందలకి మందలు పోయాయి. ఉన్ని లేదు, ఒప్పందం మాత్రం ఉంది. అప్పుల్లో మునిగి రీవో రాజుగారి సంరక్షణలోకి వెళ్ళాల్సి వచ్చింది. మీరు చూసిన ఆ మూడంతస్తుల గోడలు 13వ శతాబ్దం మొదట్లో, డబ్బు ధారాళంగా ఉన్నప్పటివి.

డౌట్ రాజా రాశారు:

అంటే పంట రాకముందే పంట అమ్ముకునుడు. మా దిక్కు పత్తి రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు అన్నా.

కృష్ణాతీరం రాశారు:

ఇంతసేపూ చదువుతూ ఉంటే నాకు అమరావతి స్తూపమే గుర్తొస్తోంది. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త ఊరు కట్టిస్తూ ఆ స్తూపం ఉన్న దీపాలదిన్నె తవ్వించారు, చెక్కడపు రాళ్ళు మెట్లకీ గోడలకీ పోయాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మిగిలినవి తర్వాత మద్రాసుకీ లండన్‌కీ చేరాయి. అక్కడా ఇక్కడా బౌద్ధులో, కేథలిక్కులో వెళ్ళిపోయాక రాయి రాయే, ఎవరికి దొరికితే వాళ్ళది.

పాత చింతకాయ రాశారు:

కృష్ణాతీరం గారూ, పోలిక కొంతవరకే. అమరావతి స్తూపాన్ని అప్పటికే శతాబ్దాలుగా ఎవరూ పట్టించుకోవడం లేదు. రీవోలో ప్రార్థన జరిగిన చోట కొద్ది కాలానికే దూలాలు దించే పని. జాబితా రాసుకుని, తూకం వేసి, ధర కట్టి మరీ కూలగొట్టారు. రట్‌లండ్ ఎర్ల్ మనుషులు రాసుకున్న వివరాలు ఇప్పటికీ ఉన్నాయి, ఏ గదిలో ఏముంది, ఎవరు దేనికి ఎంత ఇచ్చారు అని. మఠం ఎలా ఉండేదో ఇవాళ మనకి తెలిసిందంటే ఆ కూలగొట్టినవాళ్ళ లెక్కల వల్లే.

ఇనుపముక్క రాశారు:

ఎవరూ ఇనుము గురించి మాట్లాడట్లేదేంటి? రీవోకి నాలుగు మైళ్ళ అవతల లాస్కిల్‌లో వీళ్ళకి ఇనుప కొలిమి ఉండేది. అక్కడి చిట్టెం (ఇనుము తీశాక మిగిలే మడ్డి) బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ళు పరీక్షిస్తే అందులో ఇనుము చాలా తక్కువ మిగిలింది, అంటే ఖనిజం నుంచి దాదాపు అంతా లాగేశారు. గాలి గట్టిగా ఊది ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్ స్థాయి టెక్నాలజీ! హెన్రీ మఠాలు మూయకపోతే పారిశ్రామిక విప్లవం 200 ఏళ్ళ ముందే వచ్చేదని చాలాచోట్ల చదివాను.

సివిల్ సుబ్బడు రాశారు:

చిట్టెం సంగతి నిజమే, సన్యాసులు కొలిమి పనిలో ఆరితేరినవాళ్ళే. పారిశ్రామిక విప్లవం మాటే నేను ఒప్పుకోను బ్రదర్. హెన్రీ మఠాల జోలికి రాకముందే, 1490ల్లోనే దక్షిణాన సస్సెక్స్ అడవుల్లో బ్లాస్ట్ ఫర్నేసులు నడుస్తున్నాయి. రీవోలో కూడా రద్దుతో ఇనుము పని ఆగలేదు. రట్‌లండ్ ఎర్ల్ కప్పు పీకించాడు గానీ కొలిమిని జాగ్రత్తగా కాపాడుకున్నాడు, 1570ల్లో ఆ కుటుంబమే అక్కడ బ్లాస్ట్ ఫర్నేస్ పెట్టింది. లాభం వచ్చేదాన్ని ఎవడు మూస్తాడు? బొగ్గు, ఆవిరి, మార్కెట్, ఇవన్నీ వదిలేసి ఒక్క చిట్టెం ముక్క మీద ఇంత పెద్ద మేడ కట్టకూడదు.

ఇనుపముక్క రాశారు:

1570ల ఫర్నేస్ సంగతి బాగుంది. అయినా 200 ఏళ్ళు కాకపోతే 50 ఏళ్ళు ముందు అనుకుంటాను నేను 🙂

చలిమిడి రాశారు:

నాకు వేరే విషయం కొడుతోంది. ఊరి జనం ఊరుకున్నారా? తరతరాలుగా గంట విన్నవాళ్ళు, పండగలకి అన్నం తిన్నవాళ్ళు, కళ్ళముందే పీకేస్తుంటే చూస్తూ ఉన్నారా?

యార్క్‌షైర్ బాబాయ్ రాశారు:

చూస్తూ ఊరుకోలేదమ్మా, వాళ్ళూ చెయ్యి వేశారు. రీవోకి ఇలాంటి సాక్షి కథనం లేదు గానీ, సౌత్ యార్క్‌షైర్‌లోని రోష్ మఠానికి ఉంది. అదీ సిస్టెర్షియన్లదే, అదే 1538లో మూశారు. మైకేల్ షెర్‌బ్రూక్ అనే పాస్టరు తర్వాత కొన్ని దశాబ్దాలకి తన తండ్రీ, మేనమామా వరసవాళ్ళూ కళ్ళారా చూసింది రాశాడు. గోడలకి కొట్టిన ఇనుప కొక్కేలు కూడా పీక్కుపోయారట. ప్రార్థన పుస్తకాల కాగితాలు బండి చిల్లులకి అతుకులు వేసుకున్నారట. సన్యాసులు కూర్చునే చెక్కడపు బల్లలు విరిచి, ఆ మంట మీదే సీసం కరిగించారట. చుట్టూ అడవినిండా కట్టెలున్నాయి, అయినా బల్లలే కాల్చారని అతనికి మండింది.

అతని తండ్రి కూడా చర్చి కలపలో ఒక భాగం కొన్నాడు. ముప్పై ఏళ్ళ తర్వాత కొడుకు అడిగాడు, ఆ సన్యాసులు నీకు మంచివాళ్ళుగా తోచేవాళ్ళా అని. చెడ్డగా అనుకునే కారణమేమీ లేదన్నాడు తండ్రి. మరి ఎందుకు దోచుకున్నావంటే, ఏం చెయ్యమంటావు, అంతా పోయేదేనని కనిపిస్తూనే ఉంది, అందరిలాగే నేనూ కాస్త లాభపడకూడదా అన్నాడు.

నన్నడిగితే మఠాల రద్దు మీద రాసిన లావు పుస్తకాలన్నిటికన్నా ఈ ఒక్క జవాబు ఎక్కువ చెబుతుంది.

కృష్ణాతీరం రాశారు:

ఒప్పుకుంటాను. కానీ ఆ సన్యాసులు కూడా ఏల్‌రెడ్ కాలంనాటి సన్యాసులు కారు కదా బాబాయ్. నియమాలు సడలి మాంసం తినడానికి వేరే గది పెట్టుకున్నారు, మఠాధిపతికి ప్రత్యేకంగా పెద్ద ఇల్లు కట్టుకున్నారు. లోపలినుంచే పుచ్చిపోయిందని ఎందుకు అనకూడదు?

పాత చింతకాయ రాశారు:

అనొచ్చు, కొంచెం. సుఖం ఒక్కటే లెక్కలోకి తీసుకోకండి. 1322 అక్టోబరులో స్కాట్లండ్ సైన్యం దగ్గర్లోనే ఇంగ్లీషువాళ్ళని చిత్తుగా ఓడించింది. రీవోలో ఉన్న రెండో ఎడ్వర్డ్ సామానంతా వదిలేసి పారిపోయాడు, మఠం దోపిడీ అయింది. తర్వాత 1349 నాటికి ప్లేగు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. 1381 పన్ను లెక్కల్లో రీవోలో మిగిలింది మఠాధిపతి, 14 మంది సన్యాసులు, ముగ్గురంటే ముగ్గురు లే బ్రదర్స్. ఐదువందల మంది చేసే పని ముగ్గురు ఏం చేస్తారు? పొలాలు కౌలుకి ఇచ్చారు. అవసరం లేని చోట గదుల్ని చిన్నవి చేసుకున్నారు. దీన్ని పుచ్చిపోవడం అనడానికి నాకు నోరు రాదు. సర్దుకుపోయి ఇంకో 150 ఏళ్ళు నడిపారు.

ఏల్‌రెడ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. ఆయన స్కాట్లండ్ రాజు డేవిడ్ కొలువులో పెద్ద ఉద్యోగం వదులుకుని 1134లో ఇక్కడ చేరాడు. కొత్తగా చేరినవాళ్ళకి పెద్దగా ఉన్న రోజుల్లో, వాళ్ళ గది నేల కింద చిన్న తొట్టి కట్టించాడు, దాంట్లోకి గుప్తంగా ఊట నీళ్ళు వచ్చేవి. పైన పలకరాయి మూత. మనసు అదుపు తప్పినప్పుడు ఎవరూ చూడకుండా ఆ చన్నీళ్ళలో దిగి కూర్చునేవాడు. యార్క్‌షైర్ నీళ్ళు, గుర్తుపెట్టుకోండి. అదే మనిషి మఠాధిపతి అయ్యాక బలహీనుల్ని, వేరే చోట్ల నిలవలేక వచ్చినవాళ్ళని కాదనకుండా చేర్చుకున్నాడు. స్నేహం మీద ఆయన రాసిన పుస్తకం ఇప్పటికీ చదువుతారు.

డౌట్ రాజా రాశారు:

బాబాయ్, రాళ్ళ కింద దొరికిన సీసం దిమ్మలల్ల మ్యూజియంల ఒకటే పెట్టిండ్రు గదా. మిగిలినయి ఏమైనయి? అవి రాజుగారి వాటా గదా, రాజవంశానికే ఇచ్చిండ్రా?

పాత చింతకాయ రాశారు:

ఇది నేను చెబుతాను. యార్క్ నగరంలోని పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్‌లో ఉత్తరం వైపు ఫైవ్ సిస్టర్స్ అనే కిటికీ ఉంది, ఐదు సన్నని పొడవాటి అద్దాలు, ఒక్కొక్కటీ 16 మీటర్ల పైచిలుకు ఎత్తు. 13వ శతాబ్దంది. లక్షకు పైగా గాజు ముక్కలు, వాటిని కలిపి పట్టుకునేది సీసపు పట్టీలు. 1920ల్లో ఆ పట్టీలు మార్చాల్సి వచ్చినప్పుడు రీవోలో దొరికిన సీసం వాడారు. 1925లో ఆ కిటికీని మొదటి యుద్ధంలో చనిపోయిన మహిళల స్మారకంగా అంకితం చేశారు. హెన్రీ తూకం వేయించిన మఠం కప్పులో ఒక ముక్క చివరికి చర్చి కిటికీకే పోయింది. అసలు లెక్కలో జమ కాని సరుకు అదొక్కటే అనుకుంటాను.

రాతిగోడ రాశారు:

అందరికీ చాలా థాంక్స్. మా మామగారికి మొత్తం చదివి వినిపించాను. సీసం ఒప్పుకున్నారు గానీ, దక్షిణం తిరిగిన ఇంటికి అప్పులు తప్పవని గజ్జి కథని తన ఖాతాలో వేసుకున్నారు. వచ్చే వారం మళ్ళీ అటు వెళ్ళాలంటున్నారు. కొండ మీదినుంచి మఠం కనబడే టెర్రస్ ఒకటి ఉందట కదా, అదే టికెట్ సరిపోతుందా? పెద్దవాళ్ళు నడవగలరా?

యార్క్‌షైర్ బాబాయ్ రాశారు:

సరిపోదు. మఠం ఇంగ్లిష్ హెరిటేజ్‌ది, టెర్రస్ నేషనల్ ట్రస్ట్‌ది. ఒకే లోయ, రెండు సంస్థలు, రెండు మెంబర్‌షిప్‌లు. టెర్రస్ 1750ల్లో డంకమ్ కుటుంబం వేయించుకున్న పచ్చిక, శిథిలాన్ని పైనుంచి చూస్తూ షికారు చెయ్యడానికి. రెండు చివర్లా రెండు గ్రీకు, రోమన్ తరహా గుళ్ళు కట్టారు. నేల చదునే, పెద్దవాళ్ళు మెల్లగా నడవగలరు. మఠం నుంచి నేరుగా పైకి ఎక్కించకండి, కారులో చుట్టూ తిరిగి వెళ్ళండి.

పాత చింతకాయ రాశారు:

టైం ఉంటే బైలండ్ కూడా చూపించండి, గంటల గొడవ పడ్డవాళ్ళు చివరికి వెళ్ళి స్థిరపడ్డ చోటు. కారులో ఇరవై నిమిషాలు. గోడలు రీవో అంత ఎత్తు లేవు, కానీ నేల మీద పసుపు, ఆకుపచ్చ రంగుల మధ్యయుగపు టైల్స్ వేసినవి వేసినట్టే ఉన్నాయి. వాన పడితే జారతాయి, మామగారికి మంచి బూట్లు వేయించండి.